తాళాలు ఇచ్చేముందు ఆ కాగితం తీసుకో

మేనల్లుడూ,

పాత కారు ఎక్స్‌చేంజ్‌లో ఇస్తానని మాట్లాడుకుని కొత్తది బుక్ చేశావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. రంగు, మోడలు అన్నీ వర్ణించాక చివర్లో రెండు ముక్కలు అంది. ఇన్సూరెన్స్ కూడా షోరూమువాళ్లే చేసేస్తారట, బండి కోడలి పేరు మీద తీసుకుంటున్నారట. ఆ రెండు ముక్కలకే నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో చెబితే "అలాగే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇన్సూరెన్స్ ఆఫీసులో మోటారు డెస్క్ మీద 20 ఏళ్లకు పైగా కూర్చున్నవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

నీ పాత పాలసీ మీద నో క్లెయిమ్ బోనస్ ఉంది. అది కారుకు అతుక్కుని ఉండేది కాదు. ఏడాదిపాటు బండికి దెబ్బ తగిలిందని కంపెనీని డబ్బు అడగనందుకు నీకు ఇచ్చిన రాయితీ. కారు అమ్మినా అది నీతోనే ఉంటుంది. కాకపోతే దానంతట అది నడిచి కొత్త బండి దగ్గరికి రాదు. నువ్వే ఉత్తరం రాయించుకుని తెచ్చుకోవాలి. అది కూడా కొత్త పాలసీ ప్రింటయ్యే లోపు.

లెక్క ఇదీ. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, వరుసగా రెండేళ్లయితే 25, మూడుకు 35, నాలుగుకు 45, అయిదుకు 50. అక్కడితో ఆగుతుంది. ఆ తరవాత పదేళ్లు క్లెయిమ్ చేయకపోయినా 50కి మించదు. మధ్యలో ఒక్క క్లెయిమ్ చేశావా, అది 3,000 రూపాయలదైనా 3 లక్షలదైనా, మళ్లీ సున్నా నుంచి మొదలు.

ఈ శాతం మొత్తం ప్రీమియం మీద కాదు. పాలసీలో రెండు ముక్కలుంటాయి. నీ కారు వల్ల ఎదుటివాళ్లకు నష్టం జరిగితే ఇచ్చేది థర్డ్ పార్టీ. దాని రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, అందులో రూపాయి కూడా బేరం ఉండదు. నీ బండికే దెబ్బ తగిలితే, దొంగలెత్తుకుపోతే ఇచ్చేది ఓన్ డ్యామేజ్. బోనస్ ఈ రెండో ముక్కలోనే తగ్గుతుంది. "50 శాతం అన్నారు, సగం తగ్గలేదేం?" అని నా డెస్క్ దగ్గరికొచ్చి గొడవపడినవాళ్లకు లెక్కలేదు. అయినా కొత్త కారుకు ఓన్ డ్యామేజ్ ముక్కే పెద్దది, ఎందుకంటే బండి విలువ ఎక్కువ. పాత బండి మీద సంపాదించిన శాతం కొత్త బండి ప్రీమియం మీద పడుతుంది. అందుకే మార్చుకున్న మొదటి ఏడాదే దీని రుచి తెలుస్తుంది. కొత్త కారుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 18,000 అనుకుందాం. 35 శాతం బోనస్ ఉంటే 6,300 తగ్గుతుంది. దాని మీద పడే 18 శాతం జీఎస్టీ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఇప్పుడు కోడలి పేరు సంగతి. ఇక్కడే నీ ప్లాన్ తేడా కొడుతోంది. పాత కారు ఆర్‌సీ నీ పేరున ఉంది, పాలసీ నీ పేరున ఉంది, బోనస్ నీది. కొత్త బండి కోడలి పేరున రిజిస్టర్ అయితే ఆ పాలసీ కూడా ఆమె పేరునే రాస్తారు. నీ బోనస్ ఆమెకు రాదు. ఒకే ఇల్లు, ఒకే బ్యాంకు ఖాతా అని వాదించినా లాభం లేదు. పాలసీదారు చనిపోతే మాత్రం ఆ బండి భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో వస్తే వాళ్లకు ఆ బోనస్ చెందుతుంది. బతికుండగా ఇంట్లోవాళ్లకైనా రాసివ్వడం కుదరదు. ఆమె పేరున కొనాలన్నది మీ ఇద్దరి ఇష్టం, నేను కాదనను. లోన్ ఆమె జీతం మీద తీసుకుంటుంటే అలాగే చేయాలి కూడా. కానీ "ఎవరి పేరైతే ఏముందిలే" అని చేస్తుంటే మాత్రం ఎంత పోతుందో లెక్కేసుకున్నాకే సంతకం పెట్టండి.

సరే, నీ పేరునే కొంటున్నావని అనుకుని మిగతాది చెబుతాను.

పాత పాలసీ ఇచ్చిన కంపెనీకి ఒక ఉత్తరం రాయాలి, లేదా మెయిల్ పెట్టాలి. ఫలానా నంబరు కారు ఫలానా తేదీన అమ్మేశాను, నా నో క్లెయిమ్ బోనస్‌ను రిజర్వ్ చేసి లెటర్ ఇవ్వండి అని. అంతే, కవిత్వం అక్కర్లేదు. దాంతోపాటు పాలసీ కాపీ, బండి చేతులు మారిందనడానికి రుజువు జతచేయాలి. మామూలుగా అడిగేది నువ్వూ కొన్నవాళ్లూ సంతకాలు పెట్టిన ఫారం 29, ఫారం 30 (బండి ఓనర్ మారాడని రవాణా ఆఫీసుకు ఇచ్చే ఫారాలు) కాపీలు, బండి అప్పగించినట్టు రాసుకున్న డెలివరీ నోట్. కొన్ని చోట్ల కొత్త ఓనర్ పేరు ఎక్కిన ఆర్‌సీ కాపీ కూడా అడుగుతారు. వాళ్లు ఇచ్చే లెటర్‌లో నీ పేరు, పాత పాలసీ నంబరు, పాలసీ ముగిసే తేదీ, బోనస్ శాతం ఉంటాయి. ఆ నాలుగూ అక్కడే నిలబడి సరిచూసుకో. పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా కొత్త కంపెనీవాళ్లు వెనక్కి పంపుతారు. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవతో నెల రోజులు తిరిగినవాళ్లు నాకు తెలుసు.

కొత్త పాలసీ వేరే కంపెనీలో తీసుకున్నా ఆ లెటర్ చెల్లుతుంది. కంపెనీ మారితే బోనస్ పోతుందని ఎవరైనా అంటే నమ్మకు.

ఎక్స్‌చేంజ్‌లో ఇస్తున్నావు గనక ఇంకో మాట. షోరూమువాళ్లు నీ దగ్గర ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని బండి తీసుకుంటారు. అది ఎవరికి అమ్ముడుపోతుందో, ఎప్పుడు పోతుందో నీకు తెలియదు. అన్నాళ్లూ ఆర్‌సీ నీ పేరునే ఉంటే ఆ బండి ఎవరిని గుద్దినా నోటీసు నీ ఇంటికొస్తుంది. సెకండ్ హ్యాండ్ బండ్లు కొని అమ్మే డీలర్లు ఆర్టీఏ (రవాణా ఆఫీసు) అనుమతి తీసుకోవాలని, బండి తమకు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలపాలని 2023 ఏప్రిల్ నుంచి రూల్స్ ఉన్నాయి. మీ షోరూముకు ఆ అనుమతి ఉందా అని అడుగు. ఉంటే ఆ అప్పగింత కాగితం కాపీ తీసుకో, అదే ఇన్సూరెన్స్‌కు రుజువుగానూ పనికొస్తుంది. లేదంటే తేదీ, టైమ్, కిలోమీటర్ల రీడింగ్‌తో స్టాంపు వేసిన డెలివరీ నోట్ అయినా లేకుండా తాళాలు ఇవ్వకు. తాళాలు చేతిలో ఉన్నంతసేపే మన మాటకు విలువ, ఆ తరవాత ప్రతి కాగితానికీ పది ఫోన్లు చేయాలి.

ఇంత చెబుతున్న నేను ఏం చేశానో విను, నవ్వుకో. అప్పట్లో నా కారు ఒక తెలిసినవాళ్లకు అమ్మాను. 50 శాతం బోనస్ ఉన్న బండి. మంచివాణ్ణి గదా, "ఇన్సూరెన్స్ ఇంకా ఏడు నెలలుంది, వాడుకోండి" అని ఒరిజినల్ పాలసీ కూడా చేతిలో పెట్టేశాను. లెటర్ తీసుకోలేదు. రోజూ ఇతరులకు ఆ లెటర్లు టైపు చేయించి ఇచ్చేవాణ్ణి, నాకోసం ఒకటి చేయించుకోవడానికి తీరిక లేకపోయింది! రెండు నెలలు తిరక్కుండానే ఆయన బండి డివైడర్‌కు కొట్టాడు. పాలసీ చూస్తే నా పేరున, బండి చూస్తే ఆయనది. కొన్నవాడు 14 రోజుల్లోగా పాలసీని తన పేరుకు మార్పించుకోవాలి. అలా మార్చుకునేటప్పుడు నా బోనస్ కింద తగ్గించిన డబ్బును మిగిలిన నెలల మేరకు ఆయన కట్టాలి కూడా, ఎందుకంటే ఆ రాయితీ నాది, ఆయనది కాదు. ఆయన మార్పించుకోలేదు, నేను చెప్పనూ లేదు. బండి నష్టానికి క్లెయిమ్ రాలేదు. మా ఇంటికొచ్చి "ఆ ఆఫీసులోనే పనిచేస్తూ ముందే చెప్పొద్దా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అంతటితో అయిపోలేదు. పిల్లల చదువుల ఖర్చులతో నేను మళ్లీ కారు కొనడానికి నాలుగేళ్లు పట్టింది. అప్పుడు గుర్తొచ్చింది బోనస్. రిజర్వ్ చేసుకున్న బోనస్ పాత పాలసీ ముగిసిన తేదీ నుంచి మూడేళ్ల దాకానే పనికొస్తుంది. మూడేళ్లూ దాటిపోయాయి. అయిదేళ్లు జాగ్రత్తగా నడిపి కూడబెట్టింది గాలికిపోయింది. సున్నాతో మొదలుపెట్టాను. ఆ ఏడాది ప్రీమియం చెక్కు రాస్తున్నప్పుడు మీ అత్తయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

కాబట్టి నువ్వు కొత్త బండి ఇప్పుడే కొన్నా, రెండేళ్లాగి కొన్నా, లెటర్ మాత్రం అమ్మిన వారంలోనే తీసిపెట్టుకో. ఇక బండి అమ్మకుండా పాలసీ రెన్యువల్ మర్చిపోయినవాళ్ల సంగతి వేరే. వాళ్లకు మూడేళ్లు లేవు, 90 రోజులే. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే ఆ బండి మీది బోనస్ పోయినట్టే.

దీన్ని ఎందుకు గుచ్చి చెబుతున్నానంటే, కొత్త కారు కొన్నవాళ్లు ఈ మధ్య ఎక్కువగా బోర్లాపడేది ఇక్కడే. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేళ్లకు ఒకేసారి కట్టాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం సాధారణంగా ఏడాదికే ఇస్తారు. అంటే నీ చేతికొచ్చే పాలసీ మీద ముగింపు తేదీలు రెండుంటాయి. జనం పెద్ద తేదీ చూసి, ఇంకా రెండేళ్లుంది కదా అని నిశ్చింతగా ఉంటారు. ఈలోగా ఓన్ డ్యామేజ్ ముగిసి 90 రోజులు గడిచిపోతాయి. పోలీసు ఆపినా పేపర్లు సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తాయి గనక ఎవరికీ అనుమానం రాదు. బండికి దెబ్బ తగిలిన రోజునే తెలుస్తుంది. పాలసీ రాగానే ఓన్ డ్యామేజ్ ముగిసే తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకో, నెల రోజుల ముందుకు.

నీ విషయంలో ఇంకో మెలిక ఉంది. మూడేళ్ల క్రితం నువ్వు అద్దం పగిలిందని క్లెయిమ్ చేశావని నాకు గుర్తు. దాని తరవాతి రెన్యువల్‌లో సున్నా అయి ఉంటుంది, ఆ పైఏడు 20, ఇప్పుడు నడుస్తున్న పాలసీలో 25 ఉండాలి. ఈ పాలసీ వచ్చే నెలలో ముగుస్తుందని మీ అమ్మ అంది. బోనస్ మెట్టు ఎక్కాలంటే 12 నెలలు నిండాలి. పదకొండు నెలల ఇరవై రోజులకు అమ్మేస్తే నీకు లెటర్‌లో రాసిచ్చేది 25 మాత్రమే. ఏడాది నిండాక, ఈలోగా క్లెయిమ్ ఏదీ లేకపోతే, 35.

పది శాతమే కదా అంటావేమో. అది ఈ ఒక్క ఏడాదితో పోదు. 25తో మొదలుపెడితే నీ దారి 25, 35, 45, 50. 35తో మొదలుపెడితే 35, 45, 50, 50. మొదటి ఏడాది 10, రెండో ఏడాది 10, మూడో ఏడాది 5 శాతం తేడా, మొత్తం కలిపి 25 శాతం. 18,000 లెక్కన 4,500 రూపాయలు. బండి విలువ ఏటా తగ్గుతుంది గనక అసలు తేడా కాస్త తక్కువే ఉంటుందనుకో. ఈ నెలాఖరు దాకానే ఉన్న ఎక్స్‌చేంజ్ ఆఫర్ దీనికంటే పెద్దదైతే ఆగకు, వెళ్లి తీసుకో. ఆఫర్ వచ్చే నెలా ఉంటుందని వాళ్లు రాసిస్తే మూడు వారాలు ఆగడంలో నష్టం లేదు. అయితే పాలసీ ముగిశాక ఆ పాత బండిని ఒక్క రోజు కూడా రోడ్డెక్కించొద్దు. ముగిసే రోజునే నేరుగా షోరూములో అప్పగించేలా చూసుకో.

షోరూములో ఇన్సూరెన్స్ కొటేషన్ ఇచ్చినప్పుడు అందులో నో క్లెయిమ్ బోనస్ అనే గడి ఉంటుంది. సాధారణంగా అక్కడ సున్నా వేసి ఇస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, నువ్వు చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? లెటర్ చూపించి మళ్లీ కొటేషన్ వేయించు. ఒకవేళ డెలివరీ తేదీ ముంచుకొచ్చి, లెటర్ ఇంకా చేతికి రాకపోతే, "ముందు పాలసీ తీసుకోండి సార్, బోనస్ తరవాత సర్దుతాం" అంటారు. ఆ మాట కాగితం మీదో మెయిల్‌లోనో రాసిస్తేనే ఒప్పుకో. పాలసీ ప్రింటయ్యాక దాన్ని మార్చి డబ్బు వెనక్కి రాబట్టడం ఎంత తిప్పలో ఆ బల్లకు అటువైపు కూర్చున్నవాణ్ణి కనుక నాకు బాగా తెలుసు. షోరూము ఇన్సూరెన్సే తీసుకోవాలన్న నిర్బంధం ఏమీ లేదన్నదీ గుర్తుంచుకో. ఇంకో రెండు కంపెనీల రేట్లు చూసుకుని వెళ్తే వాళ్లే దిగొస్తారు.

ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఇంకో ఉచ్చు ఉంది. "గత ఏడాది క్లెయిమ్ చేశారా?" అని అడుగుతుంది. లేదని నొక్కగానే ప్రీమియం తగ్గిపోతుంది, ఎవరూ కాగితం అడగరు. చాలామంది అక్కడ అబద్ధమాడేస్తారు. నీ ఫ్రెండ్స్ కూడా అదేగా చెబుతారు. కానీ ఆ నొక్కడమే నీ సంతకంతో సమానం. చెప్పింది తప్పని తేలితే ఓన్ డ్యామేజ్ కింద హక్కులన్నీ పోతాయని ఆ డిక్లరేషన్‌లోనే రాసి ఉంటుంది. పాత టారిఫ్ రూల్స్ ప్రకారం నువ్వు చెప్పిన బోనస్ నిజమేనా అని కొత్త కంపెనీ 21 రోజుల్లోగా పాత కంపెనీకి రాసి అడగాలి, పాత కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. మా కాలంలో అవి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లేవి, కొన్ని బీరువాల్లో నిద్రపోయేవి కూడా. ఇప్పుడు అంతా కంప్యూటర్లో కనిపిస్తుంది. ఒకాయన చిన్న క్లెయిమ్ దాచిపెట్టి 25 శాతం తీసుకున్నాడు. మూడు వేలు మిగిలాయి. ఆ ఏడాదే బండి కాలువలో పడింది, క్లెయిమ్ ఆగిపోయింది. ఆ ఫైలు నా బల్ల మీదుగానే వెళ్లింది, ఆయన ముఖం చూడలేక ఆ పూట క్యాంటీన్‌లో కూర్చున్నాను.

చిన్న చిన్న విషయాలు ఇంకో రెండు. కారు బోనస్ కారుకే, నీ స్కూటర్‌కు పనికిరాదు. టాక్సీ నంబరు ప్లేటు బండికీ పనికిరాదు. పాత బండి అమ్మకుండా ఇంట్లోనే ఉంచుకుని రెండోది కొంటే ఒకే బోనస్‌ను రెంటి మీదా వాడుకోలేవు. రెండో బండి తన లెక్క తాను సున్నా నుంచి మొదలుపెడుతుంది.

ఇక బండి ఇంటికొచ్చాక బంపర్‌కు గీత పడగానే క్లెయిమ్‌కు పరుగెత్తకు. ఓసారి అద్దానికి చేశావు కదా, ఆ అద్దం అసలు ఖరీదు ఎంతో చూడు. 50 శాతం దాకా ఎక్కినవాడు ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడితే, మళ్లీ అక్కడికి చేరేలోగా మొదటి ఏడాది 50, తరవాత 30, 25, 15, 5, మొత్తం 125 శాతం పోగొట్టుకుంటాడు. అంటే ఒక ఏడాది పూర్తి ఓన్ డ్యామేజ్ ప్రీమియం కంటే ఎక్కువే. పైగా 1500 సీసీ దాటని కారుకు ప్రతి క్లెయిమ్‌లో మొదటి 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి, దాటితే 2,000. గ్యారేజీవాడు "ఇన్సూరెన్స్ ఉందిగా సార్" అంటే ముందు ఎస్టిమేట్ రాసిమ్మను. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే యాడ్ ఆన్, అంటే కాస్త అదనంగా కట్టి తీసుకునే కవర్ కూడా అమ్ముతున్నారు. సిటీ ట్రాఫిక్‌లో రోజూ నడిపేవాడివి, తీసుకో. ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌ల దాకా, ఏ నష్టాలకు అన్నది కంపెనీని బట్టి మారుతుంది, చదివి తీసుకో.

ఈ రాత్రికే పాత పాలసీ మొదటి పేజీ ఫోటో తీసి నాకు పంపు. 25 ఉందో, ఇంకేమైనా ఉందో, ముగిసే తేదీ ఏమిటో చూశాక ఈ నెలలోనే ఇచ్చేయాలో, మూడు వారాలు ఆగాలో చెబుతాను. ఉత్తరం నేనే రాసి పంపిస్తాను, నువ్వు సంతకం పెడితే చాలు. కోడలికి నా ఆశీస్సులు చెప్పు, ఆమె పేరు వద్దన్నానని మాత్రం చెప్పకు.

మీ మామయ్య